గుర్రాల వాహనంలో లోపలి లైట్లు వెలగకపోతే: లోపం వెతికి బాగుచేసే సమగ్ర మార్గదర్శి

గుర్రాలను తీసుకెళ్ళే ట్రైలర్‌లోనో లారీలోనో లోపలి లైటు వెలగకపోతే చాలామంది ముందు కొత్త బల్బు తెస్తారు. అదీ వెలగకపోతే మెకానిక్‌కి ఫోన్ చేస్తారు. ఈ రెండింటికీ మధ్య మనమే చేసుకోగలిగిన పని చాలా ఉంది. మామూలు కారులో లైటు పోతే బల్బును అనుమానించడం సబబే. గుర్రాల వాహనంలో మాత్రం ముందు ఎర్త్‌ను, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కు వెళ్ళే దారిని, ఆ తర్వాత జాయింట్లను అనుమానించాలి. నేల మీద మూత్రం, దాన్నుంచి లేచే అమ్మోనియా, తరచూ పైపు పెట్టి కడగడం, గిట్టల తాకిడి, రోడ్డు కుదుపులు, గడ్డి కోసం వచ్చి వైర్లు కొరికే ఎలుకలు... రాగి తీగకు ఇంతమంది శత్రువులు ఒకేచోట దొరకడం అరుదు.

ఈ లైట్లు సోకు కోసం కాదు. గుర్రం మసక వెలుతుర్లో మనకంటే బాగా చూస్తుంది. కానీ ఎండలోంచి చీకట్లోకి వచ్చినప్పుడు దాని కళ్ళు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సేపు పడుతుంది. బయట నిలబడ్డ గుర్రానికి ర్యాంపు చివర కనిపించేది నల్లటి ఖాళీ. అందులో అడుగు పెట్టనని మొండికేస్తే దాన్ని తప్పుపట్టలేం. ఆరుతూ వెలుగుతూ ఉండే లైటయితే ఇంకా చేటు. లైటు అసలు లేకపోతే గుర్రాన్ని పగలే ఎక్కించుకుంటాం, దారి మధ్యలో మినుకుమినుకుమంటే లోపల ఏం జరుగుతోందో డ్రైవరుకు తెలియదు.

మొదలుపెట్టే ముందు

గుర్రం లోపల ఉండగా ఈ పనేదీ చేయకండి. "ఎంతసేపు, ఒక్క స్క్రూయే కదా" అనిపిస్తుంది. ఇరుకైన అరలో, తలెత్తి చేతులు పైకి పెట్టి పనిచేస్తున్న మనిషికి తప్పించుకునే దారి ఉండదు. గుర్రాన్ని దించి దూరంగా కట్టేయండి. చక్రాలకు చెక్కలు పెట్టండి. ర్యాంపు పూర్తిగా దించి ఉంచండి, సగం ఎత్తి వదిలేయొద్దు. ట్రైలరయితే లాగే వాహనానికి తగిలించే ఉంచండి, లేదంటే ముక్కు చక్రాన్నీ బ్రేకునూ సరిచూసుకోండి.

లోపలున్న గడ్డి, రంపపు పొట్టు, దాణా సంచులు బయటికి తీసేయండి. ఎండుగడ్డి దుమ్ము చిన్న నిప్పురవ్వకే అంటుకోగలదు. వేడికి ముడుచుకుని జాయింటును కప్పే హీట్‌ష్రింక్ గొట్టాన్ని లైటర్‌తో కాల్చే అలవాటుంటే ఇక్కడ మానేయండి, హాట్ ఎయిర్ గన్ వాడండి. వైర్లు కోసి కలిపే దశకు వచ్చాక బ్యాటరీ మైనస్ క్లాంపు విప్పండి. వెతుకులాట దశలో మాత్రం కరెంటు ఉండాల్సిందే.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక డిజిటల్ మల్టీమీటర్, బల్బు రకం టెస్ట్ ల్యాంప్, రెండు చివర్లా మొసలి క్లిప్పులున్న పొడుగాటి వైరు, వైరు బ్రష్, సన్నని ఎమరీ కాగితం, కాంటాక్ట్ క్లీనర్, టెర్మినల్‌ను వైరు మీద నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయర్, బండిలో ఉన్న కొలతల ఫ్యూజులే కొన్ని. పొడుగాటి వైరు వాహనం ముందు నుంచి వెనక దాకా అందాలి. ఈ జాబితాలో ఒక్కటే ఎంచుకోమంటే నేను ఆ వైరునే ఎంచుకుంటాను. ఎందుకో కిందికి వెళ్ళాక తెలుస్తుంది.

ఒకటో అడుగు: ఈ లైట్లకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

ఇది తెలియకుండా వెతకడం మొదలుపెడితే సగం రోజు వృథా. సాధారణంగా నాలుగు ఏర్పాట్లు కనిపిస్తాయి.

పాత, చిన్న ట్రైలర్లలో లోపలి లైట్లను టెయిల్ లైటు వైరుకే కలిపేస్తారు. 12ఎన్ రకం 7 పిన్నుల సాకెట్టులో ఎప్పుడూ ఉండే ప్లస్ సప్లై అనేదే ఉండదు కాబట్టి వాళ్ళకు వేరే దారి లేదు. ఇలాంటి బండిలో పార్కింగ్ లైట్లు వేస్తేనే లోపలి లైటు వెలుగుతుంది. అది లోపం కాదు, కట్టుబడే అంత. కొత్తగా బండి కొన్నవాళ్ళు దీన్ని లోపం అనుకుని స్విచ్చులు మార్చేస్తుంటారు.

13 పిన్నుల సాకెట్టు ఉంటే, అంటే ఐఎస్‌ఓ 11446 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఉన్నదైతే, 9వ పిన్ను ఎప్పుడూ ఉండే ప్లస్. దాని ఎర్త్ 13వ పిన్ను. 10వ పిన్ను తాళం తిప్పాక వచ్చే ప్లస్, దాని ఎర్త్ 11. బయటి లైట్లన్నింటి ఎర్త్ 3వ పిన్ను. ఈ మూడు ఎర్త్‌లనూ ట్రైలర్ వైపు ఒకదానితో ఒకటి కలపకూడదు. ఇక్కడ ఒక చిక్కుంది. లాగే వాహనానికి సాకెట్టు బిగించినవాళ్ళు మొదటి 8 పిన్నులకే వైర్లు ఇచ్చి, 9 నుంచి ఖాళీగా వదిలేయడం మామూలే. సాకెట్టు చూడటానికి బాగానే ఉంటుంది, ప్లగ్ గట్టిగానే కూర్చుంటుంది, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు అన్నీ పనిచేస్తాయి. లోపలి లైటు మాత్రం వెలగదు. ట్రైలర్‌ను ఎంత విప్పినా దొరికేది ఏమీ ఉండదు, ఎందుకంటే లోపం దానిలో లేదు.

మూడోది ట్రైలర్‌కు సొంత బ్యాటరీ. అది చార్జ్ అవుతోందో లేదో చూడటమే సగం పని. ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలర్లలో ఇంకొక చిన్న బ్యాటరీ కూడా ఉండొచ్చు, ట్రైలర్ ఊడిపోతే బ్రేకు వేయడానికి. లోపలి లైట్లను ఎవరైనా దానికి కలిపి ఉంటే ముందు అది విడదీయండి. లైట్లు వేసి మరిచిపోయిన మర్నాడు ఆ బ్యాటరీలో బ్రేకుకు సరిపడా శక్తి మిగలదు.

నాలుగోది లారీ. పెద్ద లారీలు 24 వోల్టులవి, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. 12 వోల్టుల లైట్లు దొరికాయని రెండింటిలో ఒక బ్యాటరీ నుంచే వైరు లాగితే ఆ బ్యాటరీ ఎప్పుడూ సగం ఖాళీగా, రెండోది మితిమీరి చార్జ్ అయి, రెండూ తొందరగా పోతాయి. 24 నుంచి 12కు దించే కన్వర్టర్ పెట్టాలి, లేదా 10 నుంచి 30 వోల్టుల దాకా పనిచేసే ఎల్‌ఈడీ లైట్లు కొనాలి. "కొత్త లైటు రెండు క్షణాలు వెలిగి ఆరిపోయింది" అని ఎవరైనా అంటే ముందు వోల్టేజీ అడగండి.

రెండో అడుగు: లక్షణం చూడండి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు బ్రేకు, ఇండికేటర్, పార్కింగ్ లైట్లు ఒక్కొక్కటే వేసి లోపలి లైటును గమనించండి. ఇంకొకరి సాయం ఉంటే మేలు.

ఒక్క లైటే వెలగకపోతే బల్బు, హోల్డర్, ఆ లైటు దాకా వచ్చే చివరి మూర వైరు. అన్నీ వెలగకపోతే ఫ్యూజు, ప్లగ్, ప్రధాన ఎర్త్. మసగ్గా వెలిగితే దాదాపు ఎప్పుడూ తుప్పు పట్టిన జాయింటు లేదా సన్నటి వైరు. ఇండికేటర్ వేసినప్పుడల్లా లోపలి లైటు కూడా అదే లయలో మిణుకుమంటే, బ్రేకు తొక్కితే లోపలి లైటు తగ్గితే, అది ఎర్త్. వేరే ఆలోచన అక్కర్లేదు. తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయిన కరెంటు పక్క లైటు ఫిలమెంటు గుండా వెళ్తోంది.

నిలబడి ఉన్నప్పుడు బాగా వెలిగి, బండి కదిలితే ఆరిపోతే వదులైన కాంటాక్టు. తలుపు తెరిచినప్పుడో మూసినప్పుడో మారితే కీలు దగ్గరి వైరు. అక్కడ పైన ప్లాస్టిక్ బాగానే ఉండి లోపల రాగి పోగులు తెగిపోయి ఉంటాయి. వైరును రెండు చేతుల మధ్య మెల్లగా లాగండి. ఎక్కడైనా రబ్బరులా సాగితే లోపల రాగి లేనట్టే.

మూడో అడుగు: మూలం దగ్గర కొలత

బ్యాటరీ దగ్గర మొదలుపెట్టండి. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక నిండుగా ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 చుట్టుపక్కల చూపిస్తుంది. 12.0 దగ్గరుంటే అది దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. 24 వోల్టుల లారీలో వీటికి రెట్టింపు.

తర్వాత ఫ్యూజు. కంటితో చూసి బాగుందనుకోకుండా తీసి మీటరుతో కంటిన్యుటీ, అంటే దారి తెగకుండా ఉందో లేదో చూడండి. సన్నటి పగులు కంటికి దొరకదు. ఫ్యూజు బాగుండి దాని కాళ్ళ మీద పచ్చటి చిలుము ఉన్నా లోపం అక్కడే కావచ్చు. పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్లది పెట్టండి. మళ్ళీ పోతే పెద్దది పెట్టొద్దు. ఫ్యూజు కాపాడేది లైటును కాదు, గోడల వెనకున్న వైరును. ఆ వైరు పక్కనే గడ్డి ఉంటుంది.

తర్వాత ప్లగ్, సాకెట్టు. మూత తెరిచి పిన్నులు చూడండి. పచ్చగా, తెల్లగా పొడి పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి సన్నని బ్రష్‌తో రుద్దండి. నోళ్ళు వెడల్పయిన పిన్నులను దగ్గరకు నొక్కండి. ప్లగ్ వెనక భాగం కూడా విప్పి చూడండి. కేబుల్ లాగడం వల్ల స్క్రూ కిందనుంచి వైరు జారిపోవడం అక్కడే జరుగుతుంది.

ఇప్పుడు సాకెట్టు దగ్గర కొలవండి. ఇక్కడ కరెంటు లేకపోతే లోపం లాగే వాహనంలో ఉంది, ట్రైలర్ జోలికి వెళ్ళొద్దు. అయితే కొత్త వాహనాల్లో ట్రైలర్ మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది, ట్రైలర్ తగిలిస్తేనే అది కరెంటు ఇస్తుంది. ఇంజిన్ ఆపిన కొంతసేపటికి బ్యాటరీని కాపాడటానికి దానంతట అదే సప్లై ఆపేసేవి కూడా ఉన్నాయి. "ఆగిన అరగంటకు లైట్లు పోతున్నాయి, స్టార్ట్ చేస్తే వస్తున్నాయి" అంటే అదే కారణం అయ్యుండొచ్చు.

నాలుగో అడుగు: లైటు దగ్గర కొలత, లైటు వేసి ఉంచి

ఈ అడుగులోనే ఎక్కువమంది దారి తప్పుతారు. లైటు విప్పేసి, రెండు వైర్ల మధ్య మీటరు పెట్టి, 12 వోల్టులు చూసి "కరెంటు వస్తోంది, లైటే పోయింది" అని తేల్చేస్తారు. మీటరు దాదాపు ఏమీ కరెంటు లాగదు. ఇరవై పోగుల్లో ఒక్కటి మిగిలినా అది 12 చూపిస్తుంది. గొట్టంలో మట్టి పేరుకుపోయినా, కుళాయి విప్పనంతసేపూ లోపల ప్రెజర్ నిండుగానే ఉన్నట్టు. విప్పితే గానీ అసలు సంగతి తెలియదు. కాబట్టి లైటు తగిలించి ఉండగానే, స్విచ్ వేసి కొలవండి. లైటు ఎల్‌ఈడీ అయి చాలా తక్కువ లాగుతుంటే, ఆ వైర్లకు టెస్ట్ ల్యాంప్ కూడా తగిలించి చూడండి.

మూడు కొలతలు తీసుకోండి. మొదటిది లైటు ప్లస్, మైనస్ మధ్య. అది బ్యాటరీ వోల్టేజీ కంటే అర వోల్టు లోపు తక్కువగా ఉంటే వైరింగు బాగున్నట్టే, లైటు మార్చండి. ఇంతకంటే తక్కువుంటే మిగతా రెండు కొలతలు.

రెండోది ఎర్త్ వైపు. మీటరు ఒక ముల్లు లైటు మైనస్‌కు, రెండోది పొడుగాటి వైరు ద్వారా బ్యాటరీ మైనస్‌కు. ఇక్కడ సున్నాకు దగ్గరగా రావాలి. 0.2 దాటితే అనుమానించండి. 2, 3 వోల్టులు వస్తే లోపం దొరికినట్టే. మూడోది ప్లస్ వైపు అదే విధంగా.

మీటరు లేకపోతే ఇంకా సులువైన దారి ఉంది. పొడుగాటి వైరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు తగిలించి, రెండో కొస లైటు మైనస్‌కు ఆనించండి. లైటు ఒక్కసారిగా ప్రకాశవంతంగా వెలిగితే ఎర్త్ పాడైంది. మార్పు లేకపోతే ఎర్త్ బాగుంది. ఇదే పని ప్లస్ వైపు చేయాలంటే మాత్రం వైరు మధ్యలో ఫ్యూజు పెట్టకుండా చేయకండి.

ఎర్త్ దొరికాక

చాలా బండ్లలో లైటు మైనస్‌ను దగ్గర్లోని ఇనుప చట్రానికి స్క్రూతో బిగించి వదిలేస్తారు. కొత్తలో పనిచేస్తుంది. అల్యూమినియం బాడీకి స్టీలు స్క్రూ బిగిస్తే, ఆ రెండు లోహాల మధ్య తడి చేరినప్పుడు అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడి మిగులుతుంది. ఆ పొడి కరెంటును పోనివ్వదు. మూత్రంలోని ఉప్పు దీన్ని ఇంకా తొందరపెడుతుంది. ఇక ప్లైవుడ్, ఫైబర్ గ్లాస్ పలకలతో కట్టిన బాడీలయితే అసలు ఎర్త్ ఇచ్చే లోహమే ఉండదు. అక్కడ మైనస్ ఏదో కీలు గుండానో బోల్టు గుండానో తిప్పలు పడి వెళ్తుంటుంది.

తాత్కాలికంగా స్క్రూ విప్పి, లోహం మెరిసేదాకా గీకి, కొత్త రింగు టెర్మినల్ పెట్టి, పళ్ళ వాషర్‌తో బిగించి, పైన గ్రీజు పూయొచ్చు. కానీ నా మాట వింటే ప్రతి లైటుకూ మైనస్ వైరు విడిగా లాగి, నేలకు ఎత్తుగా, పొడిగా ఉండే ఒకేచోట కలిపి, అక్కడి నుంచి ఒక లావాటి వైరు నేరుగా బ్యాటరీ మైనస్‌కు గానీ ప్లగ్‌లోని సరైన ఎర్త్ పిన్నుకు గానీ తీసుకెళ్ళండి. ఒక్క పూట పని. బాడీ ఎర్త్‌ను గీకి సరిచేస్తే మళ్ళీ వానాకాలానికి అదే స్క్రూ దగ్గర కూర్చోవాల్సి వస్తుంది.

వైరు మందం కూడా చూసుకోండి. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 8 మీటర్లు వెళ్ళి 8 మీటర్లు తిరిగొస్తే దాని నిరోధం దాదాపు 0.37 ఓములు. 2 ఆంపియర్లు లాగితే వైరే 0.75 వోల్టు మింగేస్తుంది. 1.5 చదరపు మిల్లీమీటర్లది వేస్తే అది సగమవుతుంది. 5 వాట్ల పాత బల్బు 12 వోల్టుల దగ్గర 0.42 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి మీ లైట్లన్నీ కలిపి లెక్క వేసుకోవడం కష్టం కాదు.

ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతుంటే

ఫ్యూజులు ఒక్కొక్కటే తగలేసి వెతకొద్దు. ఫ్యూజు తీసేసి, దాని కాళ్ళు కూర్చునే రెండు కాంటాక్టుల మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి తగిలించండి. ఎక్కడ షార్ట్ ఉన్నా ఆ బల్బు 1.75 ఆంపియర్లకు మించి పోనివ్వదు, వైరు వేడెక్కదు. లోపలి లైట్లన్నీ విప్పేసి స్విచ్ వేయండి. బల్బు గట్టిగా వెలుగుతోందంటే షార్ట్ వైరింగులోనే ఉంది. ఇప్పుడు వైరు కట్టను చివర నుంచి ముందుకు ఒక్కోచోట కదుపుతూ, ఒక్కో జాయింటు విడదీస్తూ రండి. ఎక్కడ బల్బు ఆరితే లోపం అక్కడే.

ముందు చూడాల్సిన చోట్లు: వైరు ఇనుప రేకు రంధ్రంలోంచి పోయే చోటు, మధ్య అడ్డుగోడ బిగించే బోల్టుల పక్క, దాణా అర వెనక ఎలుకలు చేరే మూల, రబ్బరు మ్యాట్ అంచు కింద. గుర్రం నోటికందే ఎత్తులో వైరు పోతుంటే పళ్ళ గాట్లు చూడండి. విసుగొచ్చిన గుర్రం కొరకని వస్తువు ఉండదు.

ఎల్‌ఈడీ చిక్కులు

పాత బల్బు స్థానంలో ఎల్‌ఈడీ పెట్టి వెలగకపోతే ముందు తిప్పి పెట్టి చూడండి. రెండు చివర్లా లోహపు టోపీలుండే పొడుగాటి రకంలో ప్లస్, మైనస్ తేడా మామూలు బల్బుకు లేదు, ఎల్‌ఈడీకి ఉంటుంది. అలాగే హోల్డర్ రేకులు సాగిపోయి ఉంటే బల్బు తీసి వాటిని లోపలికి వంచండి.

లోపలి లైటు టెయిల్ లైటు వైరు మీద ఉండి, లాగే వాహనం కొత్తదయితే, బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఎల్‌ఈడీ సన్నగా అదిరినట్టు కనిపించొచ్చు. ఆ వాహనాలు టెయిల్ లైటుకు కరెంటును సెకనుకు ఎన్నోసార్లు ఆపుతూ వదులుతూ ఇస్తాయి. ఫిలమెంటు బల్బు ఆ తేడాను పట్టించుకోదు, ఎల్‌ఈడీ పట్టించుకుంటుంది. మీటరు 12కు బదులు తక్కువ చూపిస్తుంది, అది సగటు. ఎర్త్ ఎంత శుభ్రం చేసినా ఇది పోదు. లైట్లను 9వ పిన్ను లాంటి స్థిరమైన సప్లైకి మార్చడమే మందు.

బాగుచేసేటప్పుడు

వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం ఈ వాహనంలో పనికిరాదు, తడికి టేపు జిగురు ఊడిపోతుంది. వైరును కొయ్యకుండా నొక్కి పట్టే క్లిప్పు కనెక్టర్లు కూడా వద్దు. అవి పోగులు కోస్తాయి, నీళ్ళకు తలుపు తెరుస్తాయి. లోపల జిగురుండే హీట్‌ష్రింక్‌తో క్రింప్ జాయింటు వేయండి. టిన్ పూత ఉన్న రాగి వైరు దొరికితే అదే వాడండి. రేకు రంధ్రాల్లో అంచు వైరును కోయకుండా రబ్బరు గ్రొమెట్ (రబ్బరు రింగు) తప్పనిసరి. లైటులోకి వైరు కిందనుంచి ఎక్కేలా చిన్న వంపు ఇస్తే నీటి చుక్క వంపు దగ్గరే జారిపోతుంది. లైటు నీటిని ఎంత ఆపగలదో చెప్పేది ఐపీ రేటింగు. ప్రెజర్ వాషర్‌తో కడిగే బండికి ఐపీ69కే రేటింగున్న లైటు, మామూలుగా కడిగేదానికి ఐపీ67 చూడండి. గాజు మూతలు వద్దు, పాలీకార్బొనేట్ ఉండాలి. గుర్రం తలెత్తితే తగలని చోట, దాని కళ్ళలోకి నేరుగా కొట్టని విధంగా బిగించండి.

లైట్లు ఆర్పేశాక కూడా బ్యాటరీ దిగిపోతుంటే, అన్నీ ఆపి మైనస్ వైరు మధ్యలో మీటరును 10 ఆంపియర్ల సాకెట్టులో పెట్టి చూడండి. 50 మిల్లీ ఆంపియర్ల పైన వస్తే ఏదో కరెంటు లాగుతూనే ఉంది. సామాను అర తలుపు మూశాక అక్కడి స్విచ్ నొక్కుకోకపోవడం ఎక్కువసార్లు కనిపించే కారణం.

పని అయ్యాక అన్ని లైట్లూ వేసి పదిహేను నిమిషాలు వదిలేసి, ప్రతి జాయింటునూ వేలితో ముట్టుకోండి. వెచ్చగా తగిలినది మళ్ళీ వేయాలి. ఆ తర్వాత నేలంతా ఊడ్చి అయస్కాంతం తిప్పండి. విప్పి పడేసిన ఇనుప స్క్రూ, వాషర్ దానికి అంటుకుంటాయి. రాగి ముక్కలు అంటుకోవు కాబట్టి వాటిని లైటు వేసి కంటితోనే ఏరాలి. గడ్డితోపాటు గుర్రం కడుపులోకి గానీ గిట్టలోకి గానీ పోయేవి అవే. మ్యాట్లు తిరిగి పరిచేది అదయ్యాకే. మొదటి ప్రయాణం నుంచి వచ్చాక ఎర్త్ బోల్టును ఒకసారి స్పానర్‌తో సరిచూడండి, కుదుపులకు కొత్త బోల్టు కొద్దిగా వదులవుతుంది.